ఆ కోడ్ డబ్బాను విసిరికొట్టే ముందు

ప్రశ్న: మా బ్యాంకు ఆన్‌లైన్ ఖాతా కోసం తాళాల గుత్తికి తగిలించుకునేంత చిన్న పరికరం ఒకటి ఇచ్చింది. బటన్ నొక్కితే ఆరంకెల కోడ్ వస్తుంది. లాగిన్‌కి అదే, డబ్బు పంపడానికి అదే, చివరికి అడ్రస్ మార్చుకోవడానికీ అదే. రెండు వారాల నుంచి ఏ కోడ్ కొట్టినా తప్పు అంటోంది. చూసి చూసి ఖాతానే లాక్ చేసేసింది. కస్టమర్ కేర్‌కి చేస్తే నలభై నిమిషాలు మ్యూజిక్ వినిపించి, కొత్తది పోస్టులో వస్తుంది, పది పనిదినాలు పడుతుంది అన్నారు. ఈలోగా అద్దె కట్టే తేదీ దాటిపోయింది. ఈ మధ్య మా నాలుగేళ్ళ పాప దానితో తెగ ఆడుకుంటోంది, దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా? నాన్నగారికి వేరే బ్యాంకు వాళ్ళు పిన్ కొట్టే రకం ఇచ్చారు. ఆయనకి ఆ అంకెలు కనపడవు, అందుకని పిన్ దాని వెనకాలే స్టిక్కర్ మీద రాసి నేనే వాడుతున్నాను. ఈ గోలంతా వదిలేసి, ఫోన్‌కి ఎస్సెమ్మెస్‌లో ఓటీపీ వచ్చేలా మార్చుకుంటే పోదా? అన్నట్టు, మొన్న బ్యాంకు నుంచి ఎవరో ఫోన్ చేసి, మీ పరికరం లెక్క తప్పింది, సరిచేస్తాం, వరుసగా వచ్చే రెండు కోడ్‌లు చదవండి అన్నారు. మొదటిది చదివాను, రెండోది చదివేలోపు పాప ఏడుపందుకుంటే పెట్టేశాను. మళ్ళీ వాళ్ళే చేస్తారా, నేను చేయాలా?

సమాధానం: "అన్నట్టు" అని చివర్లో తోకలా తగిలించారు చూడండి, ఆ ముక్కతోనే మొదలుపెడతాను. మిగతాదంతా విసుగు, అదొక్కటే ప్రమాదం. వాళ్ళు మళ్ళీ చేస్తే పెట్టేయండి, మీరు మాత్రం ఆ నంబరుకి చేయకండి. ముందు ఇది చదవడం ఆపి, మీ కార్డు వెనకాల అచ్చయి ఉన్న నంబరుకి ఫోన్ చేసి, ఫలానా రోజు ఫలానా టైముకి ఒకరికి కోడ్ చెప్పాను అని ఉన్నదున్నట్టు చెప్పండి. మళ్ళీ నలభై నిమిషాల మ్యూజిక్ అని భయపడకండి, చాలా బ్యాంకుల్లో మోసం గురించి చెప్పడానికి విడిగా ఒక ఆప్షన్ ఉంటుంది, ఆ లైను త్వరగానే కలుస్తుంది.

ఫోన్ పెట్టేశాక ఇంకో సంగతి ఆలోచించండి. ఆ కోడ్ ఒక్కటీ చేతిలో ఉంటే ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు, పక్కన మీ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కూడా ఉండాలి. అంటే కోడ్ అడిగినవాడి దగ్గర ఆ రెండూ అప్పటికే ఉన్నాయనే అనుకోవాలి. అదే పాస్‌వర్డ్ ఇంకో చోట కూడా వాడారో, ఎప్పుడో ఏదో లింకు నొక్కి బ్యాంకు పేజీలాంటి పేజీలో కొట్టారో, ఆ కంప్యూటర్లోనే ఏదైనా దూరిందో, ఉత్తరం చూసి నేను చెప్పలేను. అందుకే వేరే ఫోన్ నుంచో వేరే కంప్యూటర్ నుంచో పాస్‌వర్డ్ మార్చండి. ఖాతా తెరుచుకోగానే ముందు బ్యాలెన్స్ చూడాలనిపిస్తుంది, సహజమే, కానీ దానితో పాటు డబ్బు పంపే పేర్ల జాబితాలో మీరు చేర్చని పేరేదైనా ఉందా, మీ ఫోన్ నంబరు, ఈమెయిల్ మారాయా అని కూడా చూడండి. దొంగ అన్నవాడు ముందు రోజు ఆ ఏర్పాట్లు చేసుకుని మర్నాడు డబ్బు లాగుతాడు.

ఇంతకీ వాడు అడిగిన పద్ధతిలోనే పెద్ద కిటుకుంది. "లెక్క తప్పింది, వరుసగా రెండు కోడ్‌లు కావాలి" అన్నది వాడు గాలిలోంచి పుట్టించిన మాట కాదు. ఇలాంటి పరికరాలకి నిజంగానే లెక్క తప్పుతుంది, దాన్ని సరిచేయడానికి బ్యాంకులు నిజంగానే వరుసగా రెండు కోడ్‌లు అడుగుతాయి. తేడా ఎక్కడంటే, బ్యాంకు వాటిని మీరే తెరిచిన మీ బ్యాంకు సైటులో కొట్టమంటుంది. ఫోన్ చేసి, నోటితో చదివి వినిపించమని అడగదు. నిజమైన పనినే పట్టుకుని అబద్ధం చెప్పాడు కాబట్టి మీరు నమ్మారు, తెలివితక్కువ వాళ్ళయి కాదు. అదీగాక ఆ వారం మీ పరికరం నిజంగానే మొరాయిస్తోంది. వాడికి ఆ సంగతి తెలిసి ఉండకపోవచ్చు, వందమందికి అదే పాట పాడితే అందులో ఒకరిద్దరి డబ్బాలు చెడిపోయే ఉంటాయి.

ఇప్పుడు పాప దగ్గరికి వద్దాం. సంబంధం ఉంది, చాలా ఉంది. మీ వర్ణన బట్టి మీది బటన్ నొక్కిన ప్రతిసారీ కొత్త కోడ్ పుట్టించే రకం. దాని లోపల ఒక రహస్య సంఖ్య, ఒక లెక్క ఉంటాయి. అదే రహస్యం, అదే లెక్క బ్యాంకు సర్వర్లోనూ ఉంటాయి. బటన్ నొక్కగానే ఇక్కడ లెక్క ఒకటి పెరుగుతుంది, ఆ లెక్కనీ రహస్యాన్నీ కలిపి తిప్పితే ఆరంకెలు బయటికొస్తాయి. (ఈ పద్ధతిని హెచ్‌ఓటీపీ అంటారు, 2005లో అందరికీ ఒకే ప్రమాణంగా రాసి పెట్టారు.) మీరు ఆ కోడ్ సైటులో కొడితే సర్వర్ కూడా తన లెక్క ముందుకు జరుపుకుంటుంది. కొట్టకపోతే? దానికి తెలియదు. పాప కూర్చుని యాభై సార్లు నొక్కింది అనుకోండి, ఇక్కడ లెక్క యాభై ముందుకు పోయింది, సర్వర్ ఉన్నచోటే ఉంది. సర్వర్ మరీ మొండిది కాదు, పొరపాటున రెండు మూడు సార్లు నొక్కి ఉంటారులే అని కొన్ని కోడ్‌లు ముందుకు వెతికి చూస్తుంది, కానీ ఆ వెతుకులాట ఎంత పెంచితే గుడ్డిగా కొట్టినవాడి కోడ్ తగిలే అవకాశం అంత పెరుగుతుంది కాబట్టి దానికో హద్దు పెడతారు. మీ పాప ఆ హద్దు దాటించేసింది. ఆ తర్వాత మీరు ఎంత జాగ్రత్తగా చూసి కొట్టినా తప్పే అంటుంది. డబ్బా చెడిపోలేదు, మీరూ తప్పు కొట్టలేదు.

ఇంకో తమాషా చూడండి. లెక్క తప్పి ఉన్నందువల్ల మీరు ఫోన్లో చదివిన ఆ ఒక్క కోడ్ దొంగకీ పనిచేసి ఉండకపోవచ్చు. రెండోది చదివేలోపు ఏడ్చిందీ పాపే. అలాగని ధీమాగా కూర్చోకండి, బ్యాంకుకి మాత్రం చెప్పాల్సిందే.

లెక్క సరిచేయడం అయిదు నిమిషాల పని. బ్యాంకు సైటులో లాగిన్ పేజీ దగ్గర, లేదా సహాయం పేజీలో, పరికరాన్ని మళ్ళీ జతచేయడం అనో సింక్ చేయడం అనో ఉంటుంది. అక్కడ వరుసగా రెండు కోడ్‌లు కొడితే సర్వర్ తన లెక్కని మీ దానితో కలుపుకుంటుంది. ఖాతా లాక్ అయిపోయింది కాబట్టి మీకు ముందు లాక్ తీయించుకోవాల్సి ఉంటుంది, ఎలాగూ మోసం సంగతి చెప్పడానికి ఫోన్ చేస్తున్నారు కదా, అదే కాల్‌లో అడగండి. మొదటిసారి మీ ఫోన్ ఎత్తిన మనిషి "ఒకసారి సింక్ చేసి చూడండి" అని ఒక్క మాట అని ఉంటే ఈ రెండు వారాలూ మీకు ఉండేవి కావు. నాకు కోపం వచ్చేది ఆ డబ్బా మీద కాదు, అక్కడ.

బటన్ లేకుండా ఎప్పుడూ అంకెలు మారుతూ ఉండే రకం కూడా ఉంది. దాంట్లో లెక్క బదులు గడియారం ఉంటుంది, మామూలుగా 30 సెకన్లకో 60 సెకన్లకో కోడ్ మారుతుంది. తెర పక్కన చిన్న గీతలు ఒక్కొక్కటే తరిగిపోతూ కనిపిస్తాయి, ఒక్క గీత మిగిలిందంటే కొట్టడం మొదలుపెట్టకండి, కొత్త కోడ్ వచ్చేదాకా ఆగండి. ఆ గడియారం కూడా చేతి వాచీలాగే రోజుకి సెకనో అరసెకనో అటూ ఇటూ అవుతుంది. తరచూ వాడుతుంటే సర్వర్ ఆ తేడాని గమనించి సర్దుకుంటూ పోతుంది, డ్రాయర్లో పడేసి ఏడాది తర్వాత తీస్తే మాత్రం గుర్తుపట్టదు. దానికీ మందు అదే, వరుసగా రెండు కోడ్‌లు.

నా సంగతి కూడా చెప్తాను, నవ్వుకుందురు గాని. ఒకసారి రాత్రిపూట హడావుడిగా డబ్బు పంపుతూ 596802 అని కొట్టాను, తప్పు అంది. మళ్ళీ చూశాను, అక్కడ ఉన్నది అదే, మళ్ళీ కొట్టాను, మళ్ళీ తప్పు. మూడోసారికి టెన్షన్ వచ్చి ఆపేసి చూస్తే డబ్బాని తలకిందులుగా పట్టుకున్నాను. ఆ తెర మీద అంకెలు గీతల ముక్కలతో ఏర్పడతాయి కాబట్టి 0, 1, 2, 5, 8 ఎటు తిప్పినా అవే, 6 తిప్పితే 9, 9 తిప్పితే 6. అసలు కోడ్ 208965. 3, 4, 7 ఉంటే తలకిందులైనట్టు వెంటనే తెలిసిపోతుంది, అవి లేని రోజు ఇలా దొరికిపోతాం. అప్పటి నుంచి దాని పైవైపు ఒక ఎర్రచుక్క పెట్టుకున్నాను. నాన్నగారి దానికీ పెట్టండి, ఆ స్టిక్కర్ పీకేసిన చోట పెడితే ఇంకా మంచిది.

ఆ స్టిక్కర్ సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. పిన్ అనేది పరికరం పోయినా దొరికినవాడికి పనికిరాకుండా ఉండడానికి. దాన్ని వీపు మీదే రాసిపెడితే అడ్డు పెట్టి ప్రయోజనం ఏముంది? రెండోది, ఆయన పేరున ఉన్న పరికరం మీరు వాడడం మీ ఇద్దరికీ మంచిది కాదు. రేపు ఏదైనా తేడా వస్తే బ్యాంకు మొదట అడిగేది పరికరం, పిన్ ఎవరి దగ్గర ఉన్నాయనే, వేరేవాళ్ళకి ఇచ్చారని తేలితే నష్టం మీ నెత్తినే పడే అవకాశం ఉంది. ఆయన ఖాతా మీరు చూడక తప్పదంటే, ఆయన సంతకంతో మీకు విడిగా అనుమతి ఇప్పించుకోండి, మీ పేరున వేరే లాగిన్, వేరే పరికరం వస్తాయి. ఆయనే వాడుకోగలిగితే ఇంకా బాగు. పెద్ద తెర, పెద్ద బటన్లు ఉన్నవి, కోడ్‌ని చదివి వినిపించేవి కూడా ఉన్నాయి, కొన్ని బ్యాంకులు అడిగితే ఇస్తాయి. అడక్కపోతే ఉన్నాయని కూడా చెప్పరు, అదీ తంటా.

ఇక ఎస్సెమ్మెస్‌కి మారిపోనా అన్నది. వద్దనే అంటాను. మీ ఫోన్ నంబరు మీ చేతిలో ఉన్న ఫోన్లో లేదు, మీ టెలికాం కంపెనీ రికార్డుల్లో ఉంది. ఎవడైనా మీ పేరుతో కంపెనీని బోల్తా కొట్టించి, సిమ్ పోయింది కొత్తది ఇవ్వండి అని తెచ్చుకుంటే, మీ ఫోన్‌కి సిగ్నల్ పోతుంది, మీ ఓటీపీలన్నీ వాడి ఫోన్‌కి పోతాయి. 2017లో జర్మనీలో ఇంకో అడుగు ముందుకేశారు, సిమ్ జోలికే పోకుండా టెలికాం నెట్‌వర్కుల మధ్య నడిచే ఎస్‌ఎస్7 అనే పాత వ్యవస్థలోని లొసుగుతో బ్యాంకు కోడ్‌ల మెసేజ్‌లను దారి మళ్ళించి ఖాతాలు ఖాళీ చేశారు. అదే ఏడాది అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ తన మార్గదర్శకాల్లో, ఎస్సెమ్మెస్‌తో వచ్చే కోడ్‌లను ఆంక్షలున్న పద్ధతుల కింద చేర్చింది. ఏమీ లేనిదానికంటే ఎస్సెమ్మెస్ ఎంతో నయం, నిజమే, కానీ చేతిలో ఉన్న మెరుగైనదాన్ని వదిలేసి దానికి దిగడం మాత్రం నాకు నచ్చదు. మీ డబ్బాకి సిమ్ లేదు, ఇంటర్నెట్ లేదు. దూరం నుంచి దానిలోకి దూరే దారే లేదు.

అలాగని డబ్బా దేవుడేం కాదు. కోడ్ చెప్పేసేవాళ్ళని అది కాపాడలేదు. నకిలీ సైటు పెట్టి, మీరు అందులో కొట్టిన పాస్‌వర్డునీ కోడ్‌నీ అప్పటికప్పుడే అసలు సైటులో కొట్టేసే మోసం పాతదే. 30 సెకన్లు మనకి తక్కువ అనిపిస్తాయి గానీ కంప్యూటరుకి బోలెడు. ఇక్కడే మీలాంటి వాళ్ళని బాగా విసిగించే ఇంకో రకం పరికరం పనికొస్తుంది, కాలిక్యులేటర్ లాగా అంకెల బటన్లు ఉండి, ఎంత పంపుతున్నారో, ఎవరి ఖాతాకో ఆ అంకెలు కూడా కొట్టమనేది. ఎందుకురా బాబూ సైటులో కొట్టిందే మళ్ళీ ఇక్కడ కొట్టడం అనిపిస్తుంది. కానీ అలా కొట్టాక వచ్చే కోడ్ ఆ మొత్తానికి, ఆ ఖాతాకి మాత్రమే చెల్లుతుంది, దారిలో దొంగ పట్టుకున్నా దాన్ని తన ఖాతాకి వాడుకోలేడు. ఒకలా చెప్పాలంటే మీ మామూలు కోడ్ ఖాళీ చెక్కు మీద సంతకం, ఇది అంకె, పేరు రాశాక చేసిన సంతకం. యూరప్‌లో 2019 సెప్టెంబరు 14 నుంచి ఆన్‌లైన్ చెల్లింపులకి ఈ ముడి, అంటే కోడ్‌ని మొత్తానికీ గ్రహీతకీ కట్టేయడం, నిబంధనగానే ఉంది. మీ బ్యాంకు అలాంటిది ఇస్తానంటే బటన్లు ఎక్కువ నొక్కాలని వద్దనకండి.

ఒక్క షరతు, ఏ అంకె ఎందుకు కొడుతున్నారో మీకు తెలియాలి. బ్యాంకు కార్డుని లోపల పెడితే కోడ్ చూపించే చిన్న రీడర్ల మీద 2009లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ తప్పునే పట్టుకున్నారు. తెర మీద సంఖ్య కొట్టమని ఉంటుంది, ఆ సంఖ్య లాగిన్ కోసమో డబ్బు కోసమో వాడే మనిషికి తెలియదు, మోసగాడు "ఇది పరీక్ష మాత్రమే" అని చెప్పి ఖాతా నంబరే కొట్టించేయగలడు. కాబట్టి ఎప్పుడైనా మీరేమీ పంపకుండానే సైటు పరికరంలో ఏదో సంఖ్య కొట్టమంటే, ఆ సంఖ్యని మీ ఖాతా నంబర్లతో, పంపే మొత్తంతో పోల్చి చూసుకోండి, అర్థం కాకపోతే ఆ పేజీ మూసేయండి.

బ్యాటరీ గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు అడుగుతారు. మీ దానిలాంటి చిన్నవాటికి బ్యాటరీ మార్చే వీలుండదు, సీల్ చేసి ఇస్తారు, కొన్నేళ్ళు వస్తుంది, తెర వెలిసిపోతున్నట్టు కనిపిస్తే చచ్చేదాకా ఆగకుండా కొత్తది అడగండి. కార్డు పెట్టే రీడర్లకి మాత్రం సాధారణంగా సెల్ మార్చుకోవచ్చు. వాటిలో రహస్యం రీడర్లో కాదు, కార్డు చిప్‌లో ఉంటుంది, అందుకని అదే బ్యాంకు రీడర్ ఇంట్లో ఇంకొకరిది ఉంటే మీ కార్డు పెట్టినా మామూలుగా పనిచేస్తుంది. అయితే అక్కడ పిన్ వరుసగా తప్పు కొడితే రీడర్ కాదు, కార్డే లాక్ అవుతుంది, బయట కొనుక్కోవడానికి కూడా పనికిరాదు.

ఇక బ్యాంకుతో పోట్లాట. పోట్లాడండి, కానీ "ఈ డబ్బా వద్దు" అని కాదు, అలా అంటే మీకు భద్రత మీద అవగాహన లేదని రాసుకుని ఫైలు మూసేస్తారు. రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి, అందులో తేదీలు, టైములు, తెర మీద వచ్చిన మాట యథాతథంగా, ఫోన్లో ఎంతసేపు ఆగారో, అద్దె ఆలస్యం వల్ల ఎంత నష్టపోయారో రాయండి. ఆ ఆలస్యపు రుసుము తిరిగి ఇమ్మని స్పష్టంగా అడగండి. ఇస్తారని హామీ ఇవ్వలేను గానీ, అడిగినవాళ్ళకి వచ్చినంత అడగనివాళ్ళకి రాదు. పది పనిదినాలు పరికరం లేకుండా మనిషి ఎలా బతకాలి అన్న ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది వాళ్ళు. శాఖకి గుర్తింపు కాగితాలతో వెళ్తే అప్పటికప్పుడు ఇస్తారా, ఇంకోటి స్పేర్‌గా ఇంట్లో ఉంచుకోవచ్చా, ఎప్పుడూ డబ్బు పంపే పేర్లకి ఒక పరిమితి లోపు కోడ్ అడగకుండా పెట్టొచ్చా, ఈ మూడూ అడగండి. అద్దెకైతే స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టేసుకోండి, ఒక్కసారి కోడ్ కొడితే నెలనెలా దానంతటదే పోతుంది, డబ్బా బతికున్నా చచ్చినా.

వాళ్ళు తమ మొబైల్ యాప్‌లోనే కోడ్ వచ్చే ఏర్పాటు ఇస్తుంటే దాన్ని రెండో దారిగా పెట్టుకోండి. అది ఎస్సెమ్మెస్ లాంటిది కాదు, రహస్యం మీ ఫోన్లోనే ఉంటుంది, సిమ్ ఎవడు కొట్టేసినా దానితో పాటు పోదు. చాలా యాప్‌లు మొత్తాన్నీ పేరునీ తెర మీద చూపించి ఒప్పుకుంటారా అని అడుగుతాయి, అదీ నాకు నచ్చిన సంగతి, చదివి నొక్కితేనే సుమా. ఫోన్ మార్చేటప్పుడు మాత్రం పాత ఫోన్ చెరిపేయకముందే కొత్తదాన్లో యాప్ నమోదు చేసుకోండి, ఈ ఒక్క మెట్టు మరిచిపోయి మళ్ళీ పోస్టు కోసం ఎదురుచూసినవాళ్ళు నాకు చాలామందే తెలుసు. కొన్ని చోట్ల పాస్‌కీలు, అంటే పాస్‌వర్డుకి బదులు మీ ఫోన్లోనో కంప్యూటర్లోనో దాచి ఉంచే డిజిటల్ తాళంచెవులు, కూడా వస్తున్నాయి, అవి అసలు సైటుకి తప్ప నకిలీ సైటుకి జవాబే ఇవ్వవు, చదివి వినిపించడానికి కోడే ఉండదు. మీ బ్యాంకులో ఉంటే కళ్ళు మూసుకుని తీసుకోండి.

లెక్క కలిసి డబ్బా మళ్ళీ పనిచేయడం మొదలుపెట్టినా, పోస్టులో కొత్తది వచ్చే తీరుతుంది, ఎందుకంటే పంపుతాం అన్నారు కదా. చాలా బ్యాంకుల్లో కొత్తది యాక్టివేట్ చేయగానే పాతది రద్దవుతుంది, ఏ రోజు చేయాలో మీరే చూసుకోండి, ముఖ్యమైన చెల్లింపు ఉన్న రోజు వద్దు. రద్దయిందని బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చేదాకా పాతది పారేయకండి. వచ్చాక కూడా పాపకి ఆడుకోవడానికి ఇవ్వకండి, లోపల బటన్ సెల్ ఉంటుంది, పిల్లలు మింగితే చాలా ప్రమాదం. పాత ఎలక్ట్రానిక్ సామాన్లు తీసుకునే చోట వేసేయండి. పాపకి ఆ బటన్ అంత ఇష్టమైతే పెద్ద బటన్లున్న బొమ్మ ఏదైనా కొనిపెట్టండి, ఎన్నిసార్లు నొక్కినా ఏ సర్వరూ లెక్క తప్పదు.